కారిక్ తీరంలో వెలిగిన మంట: రాబర్ట్ బ్రూస్ మనుషులు తమలోని ద్రోహిని ఎలా పోల్చుకున్నారు?

ప్రశ్న: చరిత్ర విద్యార్థి

నమస్కారం. మధ్యయుగపు స్కాట్లండు చరిత్రను కొంతకాలంగా చదువుతున్నాను. అందులో ఒక సన్నివేశం దగ్గర ఆగిపోయాను. ఈ కాలాన్ని బాగా చదివినవారు ఇక్కడ ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

1306 మార్చి 25న స్కోన్‌లో పట్టాభిషేకం చేసుకున్న రాబర్ట్ బ్రూస్, మూడు నెలలు తిరగకుండానే జూన్ 19న మెథ్వెన్ దగ్గర ఇంగ్లీషు సేనాని ఎయ్మర్ డి వాలెన్స్ సైన్యం చేతిలో ఓడి కొండలపాలయ్యాడు. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ దృష్టిలో అతడు రాజు కాడు, మాట తప్పిన సామంతుడు. డంఫ్రీస్‌లోని చర్చిలో తన ప్రత్యర్థి జాన్ కామిన్‌ను చంపినందుకు పోపు కూడా అతణ్ణి వెలివేశాడు. అతని వెంట నడిచినవాళ్లకు భూమి పోయింది, చట్టం కల్పించే రక్షణ పోయింది, దొరికితే ఉరి తప్ప మరో దారి లేదు. ఆ చలికాలమంతా పడమటి దీవులలో ఎక్కడో తలదాచుకుని, 1307 ఫిబ్రవరి ప్రాంతంలో ఆరన్ దీవి నుంచి సొంత గడ్డ కారిక్ మీదికి తిరిగి రావాలనుకున్నప్పుడు ఒక వేగును ముందు పంపారట. అతని పేరు కత్‌బర్ట్. ప్రజలు రాజు పక్షాన ఉన్నట్లయితే టర్న్‌బెర్రీ కోట దగ్గర మంట వేయాలి, లేకపోతే వేయకూడదు. ఇదీ సంకేతం.

మంట కనిపించింది. రాత్రివేళ పడవలు వేసుకుని తీరానికి చేరుకునేసరికి కత్‌బర్ట్ ఎదురొచ్చి, కోటలో పెర్సీ అనే ఇంగ్లీషు దొర సుమారు మూడు వందల మందితో ఉన్నాడని, ఈ ప్రాంతంలో మనకు మిత్రుడన్నవాడు ఒక్కడూ లేడని చెప్పాడు. "ద్రోహీ, మరి మంట ఎందుకు వేశావు?" అని రాజు అడిగాడు. తాను వేయలేదని, ఎవరో వేసిన మంటను చూసి మీరు పొరబడి వచ్చేస్తారేమోనన్న భయంతో పరుగున వచ్చానని అతడు జవాబు చెప్పాడు.

నా ప్రశ్న ఈ జవాబు గురించే. అటువంటి రాత్రి, అటువంటి ప్రమాదంలో, ఆ మాటను నమ్మడానికి వాళ్ల దగ్గర ఉన్న ఆధారం ఏమిటి? అంతకు ముందు ఎనిమిది నెలలలో వరసగా ద్రోహాలకు గురైన ఆ చిన్న గుంపు, అనుమానం వచ్చిన ప్రతివాణ్ణీ నరికేసుకుంటూ తనను తానే ఎందుకు తినేసుకోలేదు? పడినా మళ్లీ మళ్లీ ప్రయత్నించే సాలెపురుగును చూసి రాజు ధైర్యం తెచ్చుకున్నాడని చిన్నప్పుడు బడిలో చదువుకున్న కథ దీనికి సమాధానం కాదని నాకు తెలుసు. దయచేసి పట్టుదల గురించి కాకుండా నమ్మకం గురించి చెప్పండి.

సమాధానం 1: పాతపెట్టె

సాలెపురుగును పక్కన పెట్టినందుకు ముందుగా ధన్యవాదాలు. ఆ కథ పదిహేడవ శతాబ్దంలో మొదట రాజు పేర కాక అతని అనుచరుడు జేమ్స్ డగ్లస్ పేర కనబడుతుంది. తరువాత ఎవరో దాన్ని రాజుకు అంటగట్టారు, అదే మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది.

మీరు చెప్పిన సన్నివేశం జాన్ బార్బర్ అనే మతాధికారి 1375 ప్రాంతంలో స్కాట్స్ భాషలో రాసిన కావ్యంలోనిది. అంటే సంఘటన జరిగి దాదాపు 70 ఏళ్లయ్యాక రాసినది. ప్రతి సంభాషణనూ అక్షరాలా నమ్మనక్కరలేదు. అయినా ఆ మనుషులు దేన్ని సాక్ష్యంగా తీసుకునేవాళ్లో తెలుసుకోవడానికి దానికంటే మంచి ఆధారం మనకు లేదు, ఎందుకంటే బార్బర్ ఆ గుంపులోని వృద్ధుల పిల్లలూ మనవలూ బతికి ఉన్న కాలంలో వాళ్లకు నచ్చేటట్టు, వాళ్లు ఒప్పుకునేటట్టు రాశాడు.

మొదట వాళ్లకు తగిలిన దెబ్బలను వరసగా చూడండి. ఒక్కొక్కటీ ఒక్కో రకం. మెథ్వెన్ తరువాత టిండ్రమ్ దగ్గర డాల్రీలో లోర్న్‌కు చెందిన జాన్ మక్డూగల్ మనుషులు వాళ్ల మీద పడ్డారు. ఇది ద్రోహం కాదు, బాహాటమైన పగ, ఎందుకంటే ఆ ఇంటివాళ్లకు కామిన్‌తో బంధుత్వం ఉంది. తరువాత రాజు ఆడవాళ్లను, తమ్ముడు నీల్‌ను వెంట ఇచ్చి కిల్‌డ్రమ్మీ కోటకు పంపించాడు. ఆ కోట 1306 సెప్టెంబరులో పడిపోయింది. కోటలోని కమ్మరి ఆస్‌బర్న్ కాల్చిన నాగటి కర్రు ఒకదాన్ని ధాన్యపు కొట్టులోకి విసిరి నిప్పు పెట్టాడని బార్బర్ చెబుతాడు. నీల్‌ను బెరిక్‌లో ఉరితీశారు. అంతకు ముందే ఉత్తరానికి తప్పించుకున్న రాణి ఎలిజబెత్, కూతురు మార్జొరీ, చెల్లెలు మేరీ, రాజుకు కిరీటం పెట్టిన ఇసబెల్లా, వీళ్లందరూ టెయిన్‌లోని పుణ్యక్షేత్రంలో శరణు జొచ్చినా రాస్ ప్రాంతపు ఎర్ల్ (ప్రభువు) విలియం వాళ్లను పట్టి ఎడ్వర్డ్‌కు అప్పగించాడు. ఇసబెల్లాను బెరిక్‌లోనూ మేరీని రాక్స్‌బరాలోనూ పంజరాలలో ఉంచారు. రాజు బావమరిది క్రిస్టఫర్ సీటన్ లాక్ డూన్ కోటలో దొరికిపోయాడు. అతణ్ణి పట్టిచ్చినవాడు బయటివాడు కాడని, అతని ఉప్పు తిన్నవాడేనని బార్బర్ చెప్పి, వాణ్ణి యేసును పట్టిచ్చిన యూదాతో పోల్చాడు.

ఇన్ని జరిగిన తరువాత రాజు ఎలా ప్రవర్తించాడన్నది మీ ప్రశ్నకు దగ్గరి విషయం. కింటైర్ కొసన ఉన్న డనవర్టీ కోటలో ఇస్లే ద్వీపానికి చెందిన ఆంగస్ ఓగ్ ఆదరంగా ఆశ్రయమిచ్చాడు. అయినా రాజు ఎప్పుడూ ద్రోహానికి భయపడుతూనే ఉండేవాడని, పూర్తిగా ఎరిగేదాకా ఏ మనిషినీ నమ్మేవాడు కాడని, కానీ ఆ భయాన్ని ముఖంలో కనబడనిచ్చేవాడు కాడని బార్బర్ రాశాడు. అక్కడ మూడు రోజులే ఉండి రాత్లిన్ దీవికి కదిలాడు. ఆశ్రయమిచ్చినవాడి మీద నిందా వేయలేదు, అక్కడ పాతుకుపోనూ లేదు. అనుమానం ఉన్నప్పుడు ఎదుటివాణ్ణి నిలదీయడం కంటే తాను అక్కడి నుంచి జరిగిపోవడమే అతని పద్ధతి.

ఇదే పద్ధతి మరింత స్పష్టంగా మరో కథలో కనబడుతుంది. గాలోవే అడవులలో రాజు, అతనితో కలిసి ఒకే తల్లి పాలు తాగి పెరిగిన ఒక సహచరుడు, ఇద్దరే మిగిలిన రోజున దారిలో ముగ్గురు మనుషులు ఎదురయ్యారు. వాళ్లలో ఒకడి మెడ మీద గొర్రెపోతు ఉంది. బ్రూస్‌ను వెతుకుతున్నామని, అతనితో చేరతామని చెప్పారు. మాట తీరులో రాజుకు ఏదో తేడా తోచింది. వాళ్లను నరకలేదు. నన్ను మీరు ఎరగరు, మిమ్మల్ని నేను ఎరగను, ఎరుక కలిగేదాకా మీరు ముందు నడవండి, నేను వెనక వస్తాను అన్నాడు. పాడుబడిన ఇంట్లో గొర్రెను కాల్చుకున్నప్పుడు కూడా ఇంటికి ఒక కొసన వాళ్ల మంట, మరో కొసన తన మంట ఉండాలని పట్టుబట్టాడు. ఆకలి తీరాక ఇద్దరికీ నిద్ర ముంచుకొచ్చింది. కాపలా ఉండవలసిన సహచరుడు కునికాడు. ముగ్గురూ లేచారు. రాజుకు మెలకువ వచ్చి ముగ్గురినీ చంపాడు గానీ సహచరుడి ప్రాణం దక్కలేదు.

కాబట్టి నా సమాధానం ఇది. వాళ్లు ద్రోహిని ముందుగా పోల్చుకోగలిగారని నేను అనుకోను. పోల్చుకోలేకపోయినా బతకగలిగేటంత దూరాన్ని పాటించారు, అది కూడా ఎల్లప్పుడూ చాలలేదు.

సమాధానం 2: గ్లాస్గో తెలుగువాడు

పాతపెట్టె గారు చెప్పినదానితో చాలా మటుకు ఏకీభవిస్తాను, కానీ ఒక మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. "ద్రోహి" అన్న మాటను మనం బార్బర్ నోటి నుంచి తీసుకుని అలాగే వాడేస్తున్నాం.

1306లో స్కాట్లండుకు న్యాయమైన రాజు ఎవరన్నది తేలిన విషయం కాదు. 1292లో సింహాసనం ఎక్కిన జాన్ బాలియోల్‌ను ఎడ్వర్డ్ 1296లో దింపేశాడు గానీ అతడు ఇంకా బతికే ఉన్నాడు, ఫ్రాన్సులో ఉన్నాడు. అతని పేరు మీద ఏళ్ల తరబడి పోరాడినవాళ్లలో ముఖ్యుడు జాన్ కామిన్. ఆ కామిన్‌ను 1306 ఫిబ్రవరి 10న, దైవసన్నిధిలో, చర్చలకని పిలిచి బ్రూస్ పొడిచాడు. తామిద్దరి మధ్య జరిగిన రహస్య ఒప్పందాన్ని కామిన్ ఎడ్వర్డ్‌కు చేరవేశాడని బ్రూస్ పక్షం వాదన. ఆ వాదన మనకు గెలిచినవాళ్ల రాతల నుంచే వచ్చింది. బ్రూస్ సంగతి చూసినా, 1297లో ఎడ్వర్డ్ మీద తిరగబడ్డాడు, లొంగాడు, మళ్లీ తిరగబడ్డాడు, 1302లో మళ్లీ లొంగాడు. అందువలన లోర్న్ జాన్, గాలోవేకు చెందిన డంగల్ మక్డౌవల్ వంటివాళ్లు తమ దృష్టిలో ద్రోహులు కారు. తమ రాజు హక్కును లాక్కుని, తమ బంధువును చర్చిలో చంపినవాడి మీద పగ తీర్చుకుంటున్నారు.

ఈ మక్డౌవల్ కథ మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినదే. రాజు కారిక్‌లో దిగిన రోజులలోనే అతని తమ్ముళ్లు థామస్, అలెగ్జాండర్ మరో దండుతో దక్షిణాన లాక్ ర్యాన్ దగ్గర దిగారు. మక్డౌవల్ వాళ్లను చుట్టుముట్టి, గాయపడిన ఇద్దరినీ పట్టి ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. ఇద్దరినీ కార్లైల్‌లో చంపారు. అలెగ్జాండర్ కేంబ్రిడ్జిలో చదువుకున్న పండితుడు. ఇక్కడ లోపలివాడెవడూ వెన్నుపోటు పొడవలేదు. ఆ నేల మనది కాదన్న సంగతి అంచనా వేయకపోవడమే కారణం.

నేను ఈ నగరానికి వచ్చిన కొత్తలో గ్లెన్ ట్రూల్ చూడడానికి వెళ్లాను. 1307లో బ్రూస్ సాధించిన చిన్న విజయానికి గుర్తుగా సరస్సు పైన 1929లో నిలిపిన పెద్ద గ్రానైటు బండ ఒకటి ఉంది. అక్కడ నిలబడి చూస్తే ఆ దేశం ఎలాంటిదో అర్థమవుతుంది. బురదనేల, రాళ్లు, వానలో మోకాళ్ల దాకా దిగబడే గడ్డి. అటువంటి చోట దారి ఎరిగిన స్థానికుడు తోడు లేకుండా వెయ్యి మంది సైన్యం కూడా ఏమీ చేయలేదు. కాబట్టి వెంటాడేవాళ్లకైనా పారిపోయేవాళ్లకైనా ఆ పల్లెజనమే దిక్కు. ఒకే గొర్రెల కాపరి ఉదయం ఒకరికి, సాయంత్రం మరొకరికి దారి చూపి ఉండవచ్చు, అతణ్ణి ద్రోహి అనడానికి నాకు నోరు రాదు. బ్రూస్ స్వయంగా పెంచి చేతితో తిండి పెట్టిన వేటకుక్కనే లోర్న్ జాన్ అతని వెంట ఉసిగొల్పాడని జనం చెప్పుకున్నారట. దండును మూడు ముక్కలు చేసి మూడు దారులలో పంపినా ఆ కుక్క తక్కిన జాడలను వదిలి రాజు జాడనే పట్టుకుంది. ప్రేమ కొద్దీ పట్టిచ్చిన ఆ జీవాన్ని ఏమనాలి?

ప్రశ్న అడిగినవారు: చరిత్ర విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. గ్లాస్గో తెలుగువాడు గారి అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. "న్యాయమైన రాజు" అని నేను మనసులో అనుకున్నది అతని వెంట నడిచినవాళ్ల కంటితో చూసి అనుకున్నది.

కానీ నా మొదటి ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు రాలేదు. పాతపెట్టె గారు చెప్పిన దూరం పాటించడం అపరిచితుల విషయంలో సరిపోతుంది. కత్‌బర్ట్ అపరిచితుడు కాడు, రాజు ఎంచి పంపిన మనిషి. సొంతవాళ్ల మీద అనుమానం వచ్చినప్పుడు ఏం చేశారు? డగ్లస్ మీద ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? మేనల్లుడు రాండాల్ఫ్ అవతలి పక్షానికి వెళ్లి మళ్లీ ఎలా తిరిగి రాగలిగాడు?

సమాధానం 3: రేవతి, గ్రంథాలయం నుంచి

ఆలస్యంగా చూశాను. మీ సన్నివేశంలోనే జవాబు ఉందని నాకు తోస్తుంది, కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

ఆరన్ దీవి నుంచి పడవలు కదలడానికి ముందు రాజుకు బస ఇచ్చిన ఇంటి ఆవిడ ఒక జోస్యం చెప్పిందని బార్బర్ రాశాడు. ఎన్నో కష్టాలు పడతావు గానీ చివరికి దేశం నీదవుతుంది, ఇంక ఈ నేల విడిచి పోవు అని చెప్పి, నా మాట మీద నాకే నమ్మకం ఉందనడానికి నా ఇద్దరు కొడుకులను నీ వెంట పంపుతున్నాను అంది. జోస్యం సంగతి ఎలా ఉన్నా, ఆ రెండవ మాటను గమనించండి. ఆ కాలపు మనుషులు మాటను మాటతో తూచలేదు, ఆ మాట వెనక పందెంగా ఏం పెట్టావన్నదే అడిగారు. అదే తూనికలో కత్‌బర్ట్‌ను పెట్టి చూడండి. అతడు నిజంగా అమ్ముడుపోయి ఉంటే చీకటిలో పడవల దగ్గరికి రావలసిన పని లేదు. కోటలోకి వెళ్లి పెర్సీకి చెప్పి, గోడ మీద నిలబడి చూస్తే చాలు. మంట ఎవరు వేశారన్నది రుజువు చేయలేని విషయం, కానీ కోపంతో ఉన్న రాజు మనుషుల కత్తుల ముందుకు అతడు ఒంటరిగా వచ్చి నిలబడడం కళ్లకు కనబడుతున్న విషయం. రాజు ఒక్క ప్రశ్న అడిగి, వెంటనే తనవాళ్ల వైపు తిరిగి ఇప్పుడు ఏం చేద్దామని అడిగాడు. తమ్ముడు ఎడ్వర్డ్ బ్రూస్, ఏ ప్రమాదం ఉన్నా నేను మళ్లీ సముద్రంలోకి పోను అన్నాడు. పెర్సీ మనుషులలో మూడింట రెండు వంతులు కోట బయట ఊళ్లో నిద్రపోతున్నారని తెలియడంతో ఊరి మీద పడ్డారు. ఆ సమాచారం తెచ్చినవాడూ కత్‌బర్టే. అతనికి శిక్ష పడినట్టు ఆ కావ్యంలో ఎక్కడా లేదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కొద్ది కాలానికే కారిక్‌లోనే జరిగింది. రాజుకు దగ్గరి బంధువు, అతడు నమ్మినవాడు ఒకడిని ఇంగ్రామ్ డి అంఫ్రావిల్ అనే స్కాటిష్ దొర భూమి ఆశ చూపి కొన్నాడు. రాజు పొద్దున్నే కాలకృత్యాలకు ఒంటరిగా పొదల చాటుకు వెళ్తాడని, వెంట ఒక కుర్రవాడు మాత్రమే ఉంటాడని సొంతవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? తండ్రీ ఇద్దరు కొడుకులూ కాపు కాశారు. వాళ్ల మీద అనుమానపు కబురు రాజు చెవిని ముందే పడి ఉంది, అయినా పట్టి తెప్పించలేదు. దగ్గరికి రావద్దు, అక్కడే నిలబడండి అన్నాడు. మీకు దగ్గరగా ఉండవలసినవాళ్లం మేము కాక ఎవరు అంటూ వాళ్లు ముందుకు నడిచారు. రాజు కుర్రవాడి చేతిలోని విల్లు తీసుకుని బాణంతో తండ్రి కంట్లో కొట్టాడు, తరువాత కొడుకులిద్దరినీ కత్తితో కూల్చాడు. ఆగమన్నప్పుడు ఆగకపోవడమే వాళ్ల మీద రుజువు. అంఫ్రావిల్ పేరును గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

డగ్లస్ గురించి అడిగారు. అతడు రాజును మొదటి రోజుల నుంచి అంటిపెట్టుకున్నవాడు. లాక్ లోమండ్ దాటవలసి వచ్చినప్పుడు ముగ్గురు పట్టే మునిగిపోయిన చిన్న పడవను వెతికి పట్టుకున్నది అతడే. ఒక రాత్రీ ఒక పగలూ మనుషులను కొద్దికొద్దిగా దాటిస్తూ ఉంటే రాజు ఒడ్డున కూర్చుని వాళ్లకు వీరగాథ చదివి వినిపించాడు. అటువంటి డగ్లస్ కూడా లొంగిపోవడానికి కబురు పంపాడని, ఇంగ్లీషు సేన వెనక్కి తగ్గడం చూసి మనసు మార్చుకున్నాడని 1307 మే నాటి ఇంగ్లీషు పక్షపు లేఖ ఒకటి చెబుతుంది. అది నిజంగా ఊగిసలాటో, శత్రువును ఏమార్చే ఎత్తో లేఖ రాసినవాడికీ తెలిసి ఉండదు. నాకు మాత్రం అది నిజమైన ఊగిసలాటేననిపిస్తుంది. ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రవాడు, తండ్రి ఇంగ్లీషు చెరలో చచ్చాడు, భూమి పరుల చేతిలో ఉంది, రాజు తమ్ముళ్లు ఒక్కొక్కరే ఉరికంబం ఎక్కుతున్నారు. మే 10న లౌడన్ హిల్ దగ్గర బ్రూస్ వాలెన్స్‌ను ఓడించడం, జూలై 7న ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ సరిహద్దు దగ్గర బర్గ్ బై శాండ్స్‌లో చనిపోవడం, ఈ రెండూ జరగకపోతే ఎందరు మిగిలేవాళ్లో చెప్పలేం. విశ్వాసానికి గెలుపు కూడా కావాలి. ఇది వీరగాథలకు రుచించని సంగతి.

ఇక రాండాల్ఫ్. మెథ్వెన్‌లో పట్టుబడి, ప్రాణం కోసం ఇంగ్లీషు పక్షంలో చేరి, మేనమామను వెంటాడిన దండులోనే తిరిగాడు. 1308లో డగ్లస్ అతణ్ణి పట్టి తెచ్చాడు. రాజు మందలిస్తే తలవంచకుండా, మీరు బహిరంగంగా యుద్ధం చేయాలి గానీ పిరికిగా కపటంతో కాదు అని ఎదురు తిరిగాడు. రాజు అతణ్ణి కొంతకాలం కాపలాలో ఉంచి, తరువాత మొరే ఎర్ల్‌ను చేశాడు. 1314 మార్చిలో ఎడిన్‌బరా కోటను రాత్రివేళ రాతిగోడ ఎక్కి పట్టుకున్నది ఈ రాండాల్ఫే. 1329లో రాజు పోయాక పసివాడైన కొత్త రాజు తరఫున దేశాన్ని ఏలినదీ అతడే. మొహం మీద తిట్టినవాణ్ణి బ్రూస్ దగ్గరికి తీసుకున్నాడు. అదే విధంగా తన భార్యనూ కూతురినీ పట్టిచ్చిన రాస్ ఎర్ల్ 1308 అక్టోబరులో లొంగితే భూములు తిరిగి ఇచ్చి, అతని కొడుక్కి తన చెల్లెలినిచ్చి పెళ్లి చేశాడు. 1305లో ఇంగ్లీషువాళ్లతో పోరాడిన స్కాట్ వీరుడు విలియం వాలెస్‌ను పట్టిన జాన్ మెంటైత్ కూడా తరువాత రాజు కొలువులో ఉన్నాడు.

అందుకే 1320 నాకు అంతుపట్టదు. ఆ ఏడాది ఏప్రిల్ 6వ తేదీన పోపుకు పంపిన ప్రసిద్ధమైన అర్‌బ్రోత్ లేఖలో, ఈ రాజు మమ్మల్ని ఇంగ్లీషువాళ్లకు లోబరిస్తే ఇతణ్ణే తరిమేసి మరొకణ్ణి పెట్టుకుంటామని రాశారు. ఆ లేఖ మోసిన పేర్లలో విలియం డి సూలిస్, రోజర్ మౌబ్రే, డేవిడ్ బ్రెకిన్ ఉన్నారు, ఇంగ్రామ్ డి అంఫ్రావిల్ కూడా ఉన్నాడు. ఆ ఆగస్టులో స్కోన్‌లో కొలువుదీరిన పార్లమెంటును తరువాత జనం నల్ల పార్లమెంటు అన్నారు. రాజును చంపే కుట్ర బయటపడింది. కుట్రకు మూలమని తేలిన సూలిస్ తప్పు ఒప్పుకుని యావజ్జీవ చెరతో బయటపడ్డాడు. మౌబ్రే విచారణకు ముందే చచ్చిపోతే శవాన్ని సభకు తెచ్చి తీర్పు చెప్పి, తరువాత రాజు ఆ శిక్షను రద్దు చేశాడు. కుట్రలో చేయి కలపని డేవిడ్ బ్రెకిన్‌కు మాత్రం మరణశిక్ష వేశారు. అతడు రాజుకు దగ్గరి బంధువు, మంచి యోధుడు. అతనికి కుట్ర ముందే తెలుసు, నోరు విప్పనని మాట ఇచ్చాడు, ఆ మాట నిలుపుకున్నాడు. బార్బర్ కూడా ఇక్కడ ఇబ్బంది పడుతున్నట్టు కనబడుతుంది.

నా వరకు నేను దీన్ని కత్‌బర్ట్ పక్కన పెట్టి చదువుతాను. ఒకడు తన మెడను పణంగా పెట్టి చెడ్డ కబురు మోసుకొచ్చాడు. మరొకడు ఏ పక్షానికీ ఏమీ పణం పెట్టకుండా తెలిసిన విషయాన్ని మనసులో దాచుకున్నాడు. కొండలలో నూరుమంది దండుగా ఉన్నప్పుడు మౌనంగా ఉన్న ఒక్కడే అందరినీ చంపగలడు, ఆ భయం పదమూడేళ్ల తరువాత సింహాసనం మీద కూర్చున్నా ఆ రాజును విడవలేదేమో. అయితే పందెమంటే ఏమీ ఎరగని సూలిస్‌ను ప్రాణంతో విడిచి ఇతణ్ణి చంపడం న్యాయమని నేను అనను.

సమాధానం 4: పాతపెట్టె

రేవతి గారు అంఫ్రావిల్ పేరు గుర్తు పెట్టుకోమని చెప్పి వదిలేశారు, ఆ ముక్క నేను పూర్తి చేస్తాను. బ్రెకిన్ మరణశిక్షను చూడడానికి జనం ఎగబడుతూ ఉంటే, అంఫ్రావిల్ ఎదురొచ్చి, ఇంత మంచి వీరుడి చావును చూడడానికి పోతున్నారా అని తోటివాళ్లను నిలదీశాడని బార్బర్ రాశాడు. తరువాత అతడు రాజు దగ్గరికి వెళ్లి, అటువంటి యోధుణ్ణి చంపిన దేశంలో ఉండలేనని, తన భూములు అమ్ముకుని వెళ్లిపోవడానికి అనుమతి ఇమ్మని అడిగాడు. ఒకప్పుడు తన బంధువును భూమి ఆశతో కొని తన మీదికే పంపాడని పేరుపడిన ఆ మనిషికి రాజు అనుమతి ఇచ్చాడు. అతడు సామాను సర్దుకుని నింపాదిగా ఇంగ్లండు వెళ్లిపోయాడు.